తాళం పాఠానికా, పేర్ల జాబితాకా?

పామిడి నుంచి పొద్దున్నే గుత్తికో అనంతపురానికో కాలేజీకి పోయే పిల్లల ఫోన్లలో తరచూ కనబడే పేజీ ఒకటుంది. తెల్లటి తెర, ‘మీకు యాక్సెస్ కావాలి’ అన్న ఒక్క ముక్క, దాని కింద నీలం బటన్. సార్ రాత్రి పంపిన లింకు నొక్కితే వచ్చేది పాఠం కాదు, ఇదే. ఆ బటన్ నొక్కితే అనుమతి అడుగుతూ సార్‌కు ఒక మెయిల్ పోతుంది. క్లాసులో అరవై మంది ఉంటే అరవై మెయిళ్లు. వాటిని ఆయన ఎప్పుడు చూస్తాడో తెలియదు కాబట్టి పిల్లలు వాట్సాప్ గ్రూపులో పెడతారు: ‘సార్, ఫైలు ఓపెన్ కాలేదు. యాక్సెస్ లేదంటాంది.’ అటు నుంచి జవాబు వస్తుంది: ‘మిగతా వాళ్లకు ఓపెన్ అవుతాంది కదమ్మా, నీ నెట్ చూసుకో.’

నెట్‌లో చూసుకోవడానికి ఏమీ ఉండదు. పామిడి 44వ జాతీయ రహదారి మీది ఊరు, ఊళ్లో సిగ్నల్‌కు పెద్ద కరువు లేదు. నెట్ లేకపోతే ఆ తెల్ల పేజీ కూడా రాదు. అది వచ్చిందంటే నెట్ అక్కడిదాకా పోయి వెనక్కి వచ్చిందనే అర్థం.

ఈ రెండు మెసేజిల వెనక ఒక తగాదా ఉంది. కోర్సు ఫైళ్లన్నీ కాలేజీ నడిపే ఎల్ఎంఎస్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలోనో గూగుల్ క్లాస్‌రూమ్‌లోనో, లాగిన్ అయితే తప్ప కనబడని చోట ఉండాలన్నది ఒక పక్షం. వాట్సాప్, పెన్‌డ్రైవ్, జిరాక్స్ షాపు, ఏ దారిన అందితే ఆ దారిన పిల్లల చేతికి చేర్చాలన్నది రెండో పక్షం. వాళ్లకు వీళ్లు పద్ధతి లేనివాళ్లు, వీళ్లకు వాళ్లు కనికరం లేనివాళ్లు. నేను చూసినంతలో ఇద్దరూ నిజమే చెబుతున్నారు, కాకపోతే వేర్వేరు ఫైళ్ల గురించి మాట్లాడుతున్నారు. అది తేలాలంటే ముందు ఫైలు ఎందుకు తెరుచుకోదో కాస్త ఓపిగ్గా చూడాలి.

ఎక్కువసార్లు జరిగేది ఖాతాల తారుమారు. కాలేజీ ఇచ్చిన మెయిల్ ఐడీ ఒకటి, ఫోన్‌లో ముందునుంచీ ఉన్న జీమెయిల్ ఇంకొకటి. ఫైలు పెట్టేటప్పుడు ‘మా సంస్థలోని వాళ్లకు మాత్రమే’ అన్న అమరిక ఉంటే కాలేజీ ఐడీతో వచ్చినవాళ్లకే అది కనబడుతుంది. వాట్సాప్‌లో లింకు నొక్కగానే ఫోన్ మాత్రం ఏ ఖాతా ముందుంటే దాంతోనే తలుపు తడుతుంది. చాలామందికి అది సొంత జీమెయిలే. సార్ చేసిన తప్పు లేదు, పిల్ల చేసిన తప్పు లేదు, ఫైలు మాత్రం రాదు. పేజీలో కనబడే గుండ్రటి బొమ్మ నొక్కి ఖాతా మార్చుకుంటే పని అయిపోతుంది. ఆ ఒక్క మాట చెప్పేవాళ్లు లేక సెమిస్టర్‌లో సగం చదవకుండా దాటేసే పిల్లలున్నారు.

రెండో కారణం చాలామంది లెక్చరర్లకే తెలియదు. గూగుల్ క్లాస్‌రూమ్‌లో డ్రైవ్ నుంచి ఫైలును అటాచ్ చేస్తే ఆ క్లాసులోని పిల్లలందరికీ చూసే అనుమతి దానంతటదే పోతుంది. అదే ఫైలు లింకును కాపీ చేసి పోస్టులో అతికిస్తే అనుమతి పోదు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. సార్ తన కంప్యూటర్‌లో నొక్కి చూసుకుంటే ఎలాగూ తెరుచుకుంటుంది, ఫైలు ఆయనదే కదా. ‘నాకు ఓపెన్ అవుతాంది’ అన్న మాట నిజమే, దానితో రుజువయ్యేది మాత్రం ఏమీ లేదు. మూడిల్‌తో నడిచే ఎల్ఎంఎస్‌లలో ఇదే ఇంకో రూపంలో వస్తుంది. ఫైలు పెట్టినవాళ్లు కన్ను గుర్తు మూసి వదిలేస్తారు. లెక్చరర్‌కు ఫైలు కనబడుతూనే ఉంటుంది, పిల్లలకు అక్కడ అలాంటిదొకటి ఉన్నట్టే తెలియదు. ఆలస్యంగా అడ్మిషన్ తీసుకున్న పిల్లను కోర్సులో చేర్చడం ఆఫీసువాళ్లు మరిచిపోయినా ఫలితం అదే.

కొన్నిసార్లు ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే తాళం పడుతుంది. గూగుల్ 2021 సెప్టెంబరు 13 నుంచి భద్రత పేరుతో డ్రైవ్ పాత లింకుల్లో కొన్నిటిని మార్చింది. అప్పటికే ఆ ఫైలు చూసినవాళ్లకు ఇబ్బంది రాలేదు, కొత్తగా వచ్చినవాళ్లను మాత్రం అనుమతి అడగమంది. కరోనా ఏడాదిలో తయారుచేసిన నోట్స్ లింకును తర్వాతి బ్యాచ్‌కు పంపిన లెక్చరర్‌కు ఆ ముచ్చట తెలిసే వీలే లేదు. సీనియర్లకు తెరుచుకుంటుంది, జూనియర్లకు తెరుచుకోదు. ఇలాంటప్పుడు ‘మిగతా వాళ్లకు అవుతాంది కదా’ అనడం ఎంత సహజమో, వినే పిల్లకు అంత అన్యాయం. ఒకే ఫైలును తక్కువ సమయంలో ఎక్కువమంది దింపుకుంటే డ్రైవ్ కొంతసేపు దాన్ని ఆపేయడం కూడా ఉంది. అది సరిగ్గా పరీక్షకు ముందురోజు జరుగుతుంది, ఎందుకంటే అందరూ నొక్కేది ఆ రోజే.

తెలుగు మీడియం పిల్లలకు, తెలుగు ఐచ్ఛికంగా చదివేవాళ్లకు పైవన్నీ దాటాక ఇంకో గండం ఉంటుంది. ఫైలు తెరుచుకుంటుంది, లోపల తెలుగు ఉండదు. చాలా కాలంగా బోధిస్తున్న అధ్యాపకుల దగ్గర నోట్స్ అనూ ఫాంట్లలో టైపు చేసి ఉంటాయి. డీటీపీ సెంటర్లలో పుట్టిన ఫైళ్లవి. అనూ యూనికోడ్ కాదు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో చక్కటి తెలుగు కనబడుతుంది, అది లేని ఫోన్‌లో అదే వర్డ్ ఫైలు ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, శాతం గుర్తులు కలగలిసిన గందరగోళంగా మారుతుంది. పిల్ల ‘ఓపెన్ కాలేదు’ అంటుంది. సార్ ‘ఓపెన్ అయింది కదా’ అంటాడు. ఇద్దరి మాటా నిజమే. ఆ ఫైలును పీడీఎఫ్‌గా మార్చి పంపితే ఫాంటు అందులోనే కలిసిపోయి తెలుగు కనబడుతుంది. ఆ పీడీఎఫ్‌లో కూడా ఒక మాట వెతకాలంటే దొరకదు, చూపు లేని పిల్లలకు టాక్‌బ్యాక్ చదివి వినిపించాలంటే నోరు తిరగదు. మళ్లీ యూనికోడ్‌లో కొట్టించడం ఒక్కటే అసలు మందు. దానికి ఎవరు డబ్బు పెడతారో, ఎవరు కూర్చుంటారో ఏ కాలేజీ లెక్కలోనూ రాసి ఉండదు.

చేతిరాత నోట్సును ఫోన్‌తో ఫొటోలు తీసి అతికించిన పీడీఎఫ్‌ల సంగతి రెండు మాటల్లో తేలిపోతుంది. అవి బరువు. నలభై పేజీల నోట్స్ చిన్న సినిమా అంత సైజు అవుతుంది. ఫోన్‌లో ‘స్టోరేజీ ఫుల్’ అని వస్తుంది, తమ్ముడి గేముకు చోటుంటుంది, అక్క అకౌంటెన్సీకి ఉండదు.

ఈ కారణాలన్నీ హైదరాబాద్ విద్యార్థికీ ఉంటాయి. పామిడిలో వాటికి తోడయ్యేవి వేరు. పెన్నా ఒడ్డున ఉన్న ఈ ఊరు బట్టల వ్యాపారానికి, నైటీల కుట్టుపనికి పేరుపడింది. ఇళ్లలో మిషన్ తొక్కే ఆడవాళ్లున్నారు, వాళ్ల కూతుళ్లు డిగ్రీ చదువుతున్నారు. ఊరు దాటితే వేరుశనగ చేలు, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు మాత్రమే వర్షం పడే నేల. పంట పోయిన ఏడాది ఇంట్లో మగవాళ్లు బెంగళూరు పోతారు. ఇంట్లో ఉన్న మంచి ఫోన్ కూడా వాళ్ల జేబులోనే పోతుంది. పిల్ల దగ్గర మిగిలే పాత ఫోన్‌లో జీమెయిల్ ఎవరిదంటే, కొన్నప్పుడు షాపాయన తయారుచేసి ఇచ్చింది. పాస్‌వర్డ్ ఆయనకు గుర్తుండదు, ఈ పిల్లకు తెలియదు. కాలేజీ ఐడీతో లాగిన్ కావాలంటే ఓటీపీ వస్తుంది. అడ్మిషన్ ఫారంలో రాసింది నాన్న నంబరు. ఓటీపీ బెంగళూరులో మోగుతుంది, ఆయన సెంట్రింగ్ మీద ఉంటాడు, చూసి ఫోన్ చేసేసరికి దాని గడువు అయిపోతుంది. రీచార్జి చేయక ఆ నంబరే పోయి ఉంటే ఇంకా కష్టం. వాడకం లేక రద్దయిన సిమ్ నంబరును కంపెనీలు కొన్నాళ్లకు మరొకరికి ఇస్తాయి, మన ఓటీపీ ముక్కూమొహం తెలియని మనిషికి పోతుంది. 2024 జులైలో జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా మూడూ చార్జీలు పెంచాక ఇంట్లో రెండో సిమ్‌ను బతికించుకోవడం బరువైంది.

ఇంత తెలిశాక ఎవరైనా రెండో పక్షం వైపే మొగ్గుతారు. తాళం తీసేయండి, వాట్సాప్‌లో పడేయండి అంటారు. మొదటి పక్షం వాదన ఇక్కడ వినాలి. అది మొండితనం కాదు.

వాట్సాప్ గ్రూపు అంటే అరవై మంది ఫోన్ నంబర్లు అరవై మంది చేతిలో పెట్టడం. పామిడి లాంటి ఊళ్లో కూతురి నంబరు క్లాసులోని మగపిల్లలందరికీ చేరిందంటే ఫోన్ చేతిలోంచి లాక్కునే ఇళ్లున్నాయి. ఆ భయానికి కారణాలూ ఉన్నాయి. వేళకాని వేళ వచ్చే మెసేజిలు, డీపీ బొమ్మల స్క్రీన్‌షాట్లు ఆడపిల్లలందరికీ తెలిసినవే. గ్రూపులోంచి బయటికి వస్తే నోట్స్ రావు, ఉంటే నెమ్మది ఉండదు. గూగుల్ క్లాస్‌రూమ్‌లో ఈ బాధ లేదు, ఒకరి నంబరు ఇంకొకరికి కనబడదు. ఎల్ఎంఎస్ పక్షాన ఉన్న వాదనలన్నిటిలోకీ నాకు బరువైనది ఇదే. ఆ పక్షంవాళ్లు దీన్ని చాలా అరుదుగా పైకి చెబుతారు. వాళ్లు చెప్పేది ‘పద్ధతి’, ‘రికార్డు’.

రికార్డు కూడా తేలిగ్గా తీసేయదగింది కాదు. సార్ మూడో యూనిట్ నోట్స్‌లో ఒక లెక్క తప్పు సరిచేసి మళ్లీ పంపుతాడు. వాట్సాప్‌లో పాతదీ కొత్తదీ ఒకే పేరుతో ఉంటాయి, పిల్లలు పాతదే ఒకరికొకరు పంపుకుంటూ పోతారు. వెంటనే దింపుకోకుండా కొన్నాళ్లు వదిలేసిన ఫైలును తర్వాత నొక్కితే మళ్లీ పంపమని అడుగుతుంది. ఫోన్ పాడైతే అంతా పోయినట్టే. ఎల్ఎంఎస్‌లో ఉన్నది ఒక్కటే ఫైలు, అది సరిచేస్తే అందరికీ సరి అవుతుంది. ఇక కాలేజీకి గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వచ్చినప్పుడు లెక్చరర్ ఆన్‌లైన్‌లో ఏం చేశాడో చూపించేది ఎల్ఎంఎస్ లెక్కలే. నోట్స్ అంతా వాట్సాప్‌లో పంపి పిల్లలను బాగా చదివించిన మనిషి ఆ లెక్కల్లో పని చేయనివాడిగా తేలతాడు. దానికి విసుగుపుట్టి ‘ఎల్ఎంఎస్‌లోనే చూసుకోండి’ అనే లెక్చరర్ మీద నాకు కోపం రాదు.

తాళాలు ఎందుకు కావాలో చెప్పే పెద్ద ఉదాహరణ మన దేశంలోనే ఉంది. కేంద్ర విద్యాశాఖ 2017 సెప్టెంబరులో మొదలుపెట్టిన దీక్ష వేదిక మన బడి పిల్లలకు పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్ ద్వారా తెలుసు. 2023 జనవరిలో వైర్డ్ పత్రిక ఒక కథనం వేసింది. దీక్షకు చెందిన క్లౌడ్ నిల్వ ఒకటి ఏడాదికి పైగా ఏ రక్షణా లేకుండా పడి ఉందని, అందులో 10 లక్షలకు పైగా ఉపాధ్యాయుల పేర్లు, ఫోన్ నంబర్లు, మెయిల్ ఐడీలు ఉన్నాయని, 6 లక్షల మంది దాకా విద్యార్థుల వివరాలు కూడా ఉన్నాయని బయటపెట్టింది. అదే ఏడాది పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివాళ్లను పిల్లలుగానే చూస్తుంది. ఇంటర్ వాళ్లంతా దాదాపు అందులోకే వస్తారు, డిగ్రీ మొదటి ఏడాదిలో చాలామంది వస్తారు.

ఈ దీక్ష ముచ్చటను రెండోసారి చూస్తే మాత్రం అది మొదటి పక్షానికి పూర్తిగా సాయం చేయదు. దీక్షలో పాఠం ఎప్పుడూ తెరిచే ఉంది. లాగిన్ లేకుండా అతిథిగా వెళ్లి క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి చూడొచ్చు, దింపుకోవచ్చు, నెట్ లేకుండా పక్క ఫోన్‌కు పంపొచ్చు. దానివల్ల ఎవరికీ నష్టం జరగలేదు. నష్టం జరిగింది తాళం వేయాల్సిన పేర్ల జాబితాను గాలికి వదిలేసినందుకు. మన కాలేజీల్లో తరచూ దీనికి సరిగ్గా తలకిందులుగా జరుగుతుంది. సూక్ష్మ ఆర్థికశాస్త్రం రెండో యూనిట్‌కు మూడు తాళాలు వేస్తారు. ఇంటర్నల్ మార్కుల ఎక్సెల్ షీటును, ఆధార్ నంబర్లూ కులమూ తండ్రి ఆదాయమూ ఉన్న స్కాలర్‌షిప్ జాబితాను మాత్రం ‘మీ పేరు స్పెల్లింగ్ చూసుకోండి’ అని గ్రూపులో పెడతారు. పాఠం ఎవరి చేతిలో పడితే ఏం పోతుంది? ఆ జాబితా ఎవరి చేతిలో పడకూడదో వాళ్ల చేతిలోనే పడుతుంది.

పాఠానికి తాళం ఉండాలనేవాళ్లు చెప్పే ఇంకో కారణం కాపీరైటు. పుస్తకంలోని అధ్యాయాన్ని స్కాన్ చేసి బహిరంగంగా పెడితే కేసులవుతాయని భయం. భయం పూర్తిగా అబద్ధం కాదు, కాకపోతే చట్టం అనుకున్నంత కఠినమూ కాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో రామేశ్వరి ఫొటోకాపీ అనే జిరాక్స్ షాపు మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు వేసిన కేసులో ఢిల్లీ హైకోర్టు 2016 సెప్టెంబరులో షాపు పక్షానే తీర్పిచ్చింది. డిసెంబరులో డివిజన్ బెంచి కూడా 1957 కాపీరైటు చట్టంలోని 52వ సెక్షన్‌ను విశాలంగానే చదివింది. బోధనలో భాగంగా, ఆ అవసరం మేరకు ఉపాధ్యాయుడో విద్యార్థో నకలు తీసుకోవడం ఉల్లంఘన కాదన్నది. దీన్ని పట్టుకుని పుస్తకం మొత్తం స్కాన్ చేసి ప్రపంచానికి పంచమని అర్థం చేసుకోకూడదు. ఆ తీర్పులో మాట్లాడింది కోర్సులో ఉన్న పిల్లలకు ఇచ్చే పాఠ్యభాగాల గురించి. ‘లింకు ఉన్న ఎవరికైనా’ అన్న అమరిక దానికంటే వెడల్పు. అంటే పక్కవాడి పుస్తకంలోంచి తీసినదానికి క్లాసు వరకు హద్దు ఉండటం న్యాయమే. సార్ సొంతంగా రాసిన నోట్సుకు ఆ హద్దు అక్కర్లేదు. ఆయనకు తన నోట్స్ యూట్యూబ్ కోచింగ్‌వాళ్ల చేతిలో పడుతుందన్న బాధ ఉండొచ్చు. ఆ బాధ అర్థమవుతుంది. కానీ వాళ్ల చేతిలో పడకుండా ఏ లాగిన్ ఆపింది? దింపుకున్న ఒక్క విద్యార్థి చాలు.

తాళం లేకుండా పెద్ద చదువు నడవదనే మాటకు జవాబు మనకు ఎప్పుడో వచ్చింది. 1982లో హైదరాబాద్‌లో పెట్టిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, తర్వాత అంబేడ్కర్ పేరు పెట్టుకున్నది, దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. అచ్చుపుస్తకాలను పిల్లల చేతిలో పెట్టి దూరవిద్య నడిపింది. కండక్టర్లు, గుమస్తాలు, పెళ్లయి చదువాపేసిన ఆడవాళ్లు ఆ పుస్తకాలతో డిగ్రీలు పూర్తిచేశారు. ఆ పుస్తకం అన్నకైతే తమ్ముడు చదివినా, ఏళ్ల తర్వాత గ్రూప్స్‌కు ప్రిపేరయ్యే పక్కింటి కుర్రాడు చదివినా విశ్వవిద్యాలయం అడ్డుపడలేదు. తాళం పరీక్ష హాలు దగ్గర వేసింది, హాల్‌టికెట్టు చూసి లోపలికి పంపింది. 2003 నుంచి ఐఐటీలు, ఐఐఎస్సీ నడుపుతున్న ఎన్‌పీటెల్ పద్ధతీ ఇదే. వీడియోలు ఎవరైనా చూడొచ్చు. సర్టిఫికెట్ కావాలన్నవాళ్లే నమోదై ఫీజు కట్టి కేంద్రానికి పోయి పరీక్ష రాయాలి. ఇంజినీరింగ్ పిల్లలు ఏటా అక్కడి కోర్సులు చేస్తూ, పాఠం దగ్గర కాకుండా పరీక్ష ఫీజు దగ్గర ఆలోచించుకుంటారు.

మూడో దారి ఒకటి మన రాష్ట్రం ప్రయత్నించింది. నెట్టూ వద్దు, లాగినూ వద్దు, ఫైళ్లను పరికరంలోనే పెట్టి ఇచ్చేద్దామన్నది. 2022 డిసెంబరు 21న మొదలుపెట్టి ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదో తరగతి పిల్లలకు, వాళ్ల ఉపాధ్యాయులకు కలిపి 5.18 లక్షల ట్యాబ్‌లు పంచారు. బైజూస్ పాఠాలు మెమరీ కార్డులో ముందే నింపి ఉన్నాయి. కరెంటు ఉంటే చాలు, పాఠం వస్తుంది. ఫైలు తెరుచుకోకపోవడం అన్న సమస్యకు ఇంత నేరుగా ఇచ్చిన జవాబు మన దగ్గర ఇంకోటి లేదని ఒప్పుకోవాలి. కాకపోతే అందులో తాళం ఇంకోచోట పడింది. ట్యాబ్‌లో వేరే యాప్‌లు వేసుకోకుండా నియంత్రించే సాఫ్ట్‌వేర్ పెట్టారు. పిల్లలు పక్కదారి పట్టకుండా అది అవసరమని తల్లిదండ్రులూ అన్నారు, వాళ్ల మాటా కొట్టేయలేం. పాఠాన్ని మాత్రం బడి టీచరు మార్చలేదు, తన నోట్స్ చేర్చలేదు. అది ఒక కంపెనీ సరుకు. ఆ కంపెనీ మీద 2024 జులైలో దివాలా ప్రక్రియ మొదలైంది. కార్డులో ఉన్నవి ఆ రోజు మాయం కాలేదు, అది ఆ పద్ధతి గొప్పతనమే. వాటిని సరిచేసేవాళ్లు, కొత్తవి చేర్చేవాళ్లు ఎవరన్న ప్రశ్న మిగిలింది. అదే ఎల్ఎంఎస్ పక్షంవాళ్లు మొదటినుంచీ అడుగుతున్నది.

ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నా మొగ్గు దాచను. లెక్చరర్ సొంతంగా తయారుచేసిన పాఠానికి, నోట్సుకు, పాత ప్రశ్నపత్రాలకు లాగిన్ అక్కర్లేదు. ‘లింకు ఉన్నవాళ్లు చూడొచ్చు’ అని పెట్టి, తేలికపాటి పీడీఎఫ్ చేసి, ఎల్ఎంఎస్‌లో ఉన్న ఆ లింకునే వాట్సాప్‌లోనూ పంపాలి. అప్పుడు సరిచేసిన ఫైలు ఒక్కచోటే ఉంటుంది, చూసినవాళ్ల లెక్కా కొంత దొరుకుతుంది. ఊరి జిరాక్స్ షాపులో ఒక ప్రతి ఉంటే ఇంకా మంచిది. పేర్లు, మార్కులు, ఫోన్ నంబర్లు, పిల్లలు రాసి పంపిన జవాబులు ఉన్న ఏ ఫైలైనా గట్టి తాళం వెనకే ఉండాలి, గ్రూపులో ఒక్క నిమిషం కూడా కనబడకూడదు. గ్రూపు కూడా లెక్చరర్ ఒక్కడే పోస్టు చేసేదిగా, నంబర్లు ఒకరికొకరికి కనబడని రకంగా పెట్టుకునే వీలు వాట్సాప్‌లో ఇప్పుడుంది. ఆడపిల్లల ఇళ్లలోని భయానికి అది పూర్తి జవాబు కాదు, సగం జవాబు.

దీనికి ఎదురయ్యే గట్టి అభ్యంతరం సాంకేతికం కాదు, పనిభారం. ఏ ఫైలు ఏ రకమో చూసి విడివిడిగా అమర్చమంటున్నది ఎవరిని? అటెండెన్స్ యాప్‌లో వేలిముద్ర వేసి, బయోమెట్రిక్ పనిచేయకపోతే సంజాయిషీ రాసి, అడ్మిషన్ల కోసం ఎండలో పల్లెలు తిరిగే మనిషినే. అన్నిటికీ ఒకే తాళం వేసేస్తే ఆయనకు ఆలోచించే పని తప్పుతుంది, అన్నీ తెరిచేసినా తప్పుతుంది. రెండు పక్షాలూ బలంగా ఉండటానికి సగం కారణం ఈ అలసటే అని నాకు అనిపిస్తుంది. ఆ అలసట తీర్చేంత సాయం చేయకుండా కాలేజీలు పద్ధతి గురించి సర్క్యులర్లు ఇవ్వడం న్యాయం కాదు. చేయగలిగింది ఒకటుంది. ఫైలు పెట్టాక బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, లాగిన్ లేకుండా ఆ లింకు ఒకసారి నొక్కి చూడాలి. అర నిమిషం పని. పిల్లలకు కనబడేది అప్పుడు ఆయనకూ కనబడుతుంది. పిల్లలు కూడా ‘ఓపెన్ కాలేదు సార్’ అని ఊరుకోకుండా, పైన ఏ ఖాతా ఉందో కనబడేలా స్క్రీన్‌షాట్ పెడితే పది ప్రశ్నలు తప్పుతాయి.

తేలనిది ఒకటే, అసైన్‌మెంట్ తిరిగి పంపడం. చదవడానికి లాగిన్ వద్దనొచ్చు, జవాబు ఎవరు రాశారో తెలియాలంటే లాగిన్ కావాల్సిందే. అందులో రెండో పక్షంతో నేను ఏకీభవించలేను. ఎవరి ఖాతాలోంచో వచ్చిన జవాబుకు మార్కులు వేయమనడం కుదరదు. రాత్రి 11:59కి గడువు పెట్టి, ఓటీపీ బెంగళూరులో ఇరుక్కుపోయిన పిల్లకు సున్నా వేయడమూ కుదరదు. లాగిన్ ఆగిపోయినట్టు స్క్రీన్‌షాట్ చూపించినవాళ్ల దగ్గర పొద్దున మొదటి పీరియడ్‌లో కాగితం మీది జవాబు తీసుకుని, ఆఫీసులో నంబరు మార్పించి పంపితే సరిపోతుంది. నంబరు మార్పించడానికి ఇప్పుడు చాలాచోట్ల తండ్రి సంతకంతో అర్జీ అడుగుతున్నారు. తండ్రేమో ఓటీపీతో పాటు బెంగళూరులోనే ఉన్నాడు. ముందు ఆ ఫారం మార్చాలి.